జబ్బ ఎముకలో నీటితిత్తి: పాఠకుల ప్రశ్నలు, ఎముకల వైద్యుని సమాధానాలు

ఈ శీర్షికకు మామూలుగా మోకాళ్ల నొప్పులు, నడుము నొప్పుల గురించిన ఉత్తరాలే ఎక్కువగా వస్తాయి. ఈసారి మాత్రం వరంగల్ నుంచి, చుట్టుపక్కల జిల్లాల నుంచి పిల్లల జబ్బ ఎముకలో కనిపించే తిత్తుల గురించి పలువురు రాశారు. ఒకరికి ఇచ్చిన సమాధానం మరొకరికి కూడా పనికివస్తుంది కాబట్టి ఆ ఉత్తరాలను ఈ సంచికలో ఒకచోట చేర్చాము. రాసినవారి పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మా బాబుకు 9 ఏళ్లు. బడిలో కబడ్డీ ఆడుతూ పడ్డాడు. పెద్ద దెబ్బేమీ కాదు, తోటి పిల్లలు పడినట్టే పడ్డాడు, కానీ కుడిచేయి ఎత్తలేకపోయాడు. ఎక్స్-రే తీస్తే భుజానికి కొంచెం కింద ఎముక విరిగిందని, విరిగినచోట ఎముక లోపల గడ్డ లాంటిది ఉందని చెప్పారు. గడ్డ అనే మాట విన్నప్పటి నుంచి మా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. ఇది క్యాన్సరేనా? గడ్డకు ఏమీ చేయకుండా చేతికి పట్టీ వేసి ఇంటికి పంపడం సరైనదేనా? – ఒక తల్లి, నర్సంపేట

జవాబు: అమ్మా, మీరు ఉత్తరంతో పాటు పంపిన ఎక్స్-రేను చూశాను. అందులో కనిపిస్తున్నది క్యాన్సర్ లక్షణాలున్న గడ్డ కాదు. మీ బాబు వయసు, తిత్తి ఉన్న చోటు, దాని అంచుల తీరు, అది బయటపడిన విధానం, అన్నీ సాధారణ ఎముక తిత్తినే సూచిస్తున్నాయి. ఇది ఎముక లోపల ఏర్పడే ఒక ఖాళీ. అందులో గడ్డలో ఉండే కండ ఉండదు, లేత పసుపురంగు ద్రవం ఉంటుంది, చుట్టూ ఒక పలుచని పొర ఉంటుంది. ఇది శరీరంలో మరోచోటికి పాకదు, ప్రాణానికి ముప్పు తేదు. జర్మన్ వైద్యుడు విర్కో 1876లోనే ఇటువంటి తిత్తులను వర్ణించాడు. అప్పటి నుంచి వీటి నడతను వైద్యులు చాలా దగ్గరగా గమనిస్తూ వచ్చారు కాబట్టి మీకు ఈ మాట ధైర్యంగా చెప్పగలుగుతున్నాను.

ఈ తిత్తులు ఎక్కువగా 5 నుంచి 15 ఏళ్ల మధ్య పిల్లల్లో కనబడతాయి. ఆడపిల్లల కంటే మగపిల్లల్లో దాదాపు రెట్టింపు. శరీరంలోని ఏ ఎముకలోనైనా రావచ్చు గానీ, అన్నిటికంటే ఎక్కువగా వచ్చేది జబ్బ ఎముక పైభాగంలో, ఆ తరువాత తొడ ఎముక పైభాగంలో. ఎందుకు వస్తాయన్న దానికి అందరూ ఒప్పుకున్న కారణం లేదు. ఎముక వేగంగా పెరిగే చోట సిరల ద్వారా రక్తం, ద్రవం సరిగా బయటికి పోక లోపల ఒత్తిడి పెరిగి, చుట్టూ ఉన్న ఎముక కరిగిపోతుందన్నది ఎక్కువమంది అంగీకరించే వివరణ. తిత్తిలోని ద్రవంలో ఎముకను కరిగించే ప్రోస్టాగ్లాండిన్ వంటి పదార్థాలు ఉన్నట్టు పరీక్షల్లో తేలింది. మీరు పెట్టిన తిండిలో లోపం వల్లనో, బాబు ఎప్పుడో పడినందువల్లనో ఇది రాలేదు. ఇంటిల్లిపాదీ ఒకరినొకరు నిందించుకునే పని అసలే లేదు.

లోపల ఖాళీ పెరిగేకొద్దీ ఎముక గోడ గుడ్డు పెంకులా పలుచబడుతుంది. నొప్పి ఉండదు, వాపు ఉండదు, పిల్లవాడు మామూలుగా ఆడుకుంటూనే ఉంటాడు. ఒకరోజు బంతి విసిరినప్పుడో, చిన్నగా పడినప్పుడో ఆ పలుచని గోడ పగులుతుంది. ఈ తిత్తులున్న పిల్లల్లో సుమారు మూడింట రెండు వంతుల మందికి సమస్య బయటపడేది ఇలా ఎముక విరగడంతోనే. పగిలిన గోడ నుంచి చిన్న ముక్క ఒకటి ద్రవంలో కిందికి జారి తిత్తి అడుగున పడి కనిపించడం కూడా ఉంది. మీ బాబు ఎక్స్-రేలో అది స్పష్టంగా ఉంది. లోపల కండ ఉండి ఉంటే ఆ ముక్క జారేది కాదు. ద్రవం ఉందనడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం ఎక్స్-రేలో దొరకదు.

ఇక పట్టీ వేసి పంపడం సరైనదే. తిత్తి ఉన్నచోట విరిగినా ఎముక మామూలు ఎముక అతికినట్టే అతుకుతుంది. జబ్బ ఎముక పైభాగం పిల్లల్లో చాలా బాగా అతుకుతుంది, కొద్దిపాటి వంకర ఉన్నా పెరుగుదలతో సర్దుకుంటుంది. కాబట్టి మెడకు వేలాడదీసే పట్టీలో చేతిని సాధారణంగా 4 నుంచి 6 వారాలు ఉంచితే చాలు. ఈ సమయంలో మోచేయి, మణికట్టు, వేళ్లు రోజూ కదిలిస్తూ ఉండాలి. బాబు మణికట్టును పైకి ఎత్తలేకపోతున్నా, చేయి తిమ్మిరెక్కినట్టు చెబుతున్నా ఆలస్యం చేయకుండా వైద్యునికి చూపించండి, ఎందుకంటే జబ్బ ఎముకను ఆనుకుని ముఖ్యమైన నరం ఒకటి పోతుంది.

ముక్క పరీక్ష, అంటే బయాప్సీ, ఎందుకు చేయలేదని మీ బంధువులు అడుగుతున్నారని రాశారు. ఎక్స్-రేలో చిత్రం ఇంత స్పష్టంగా ఉన్నప్పుడు అందరికీ బయాప్సీ చేయరు. అయితే కొన్ని లక్షణాలు ఉంటే మాత్రం సాధారణ తిత్తి అనుకుని ఊరుకోకూడదు. విరగకముందు నుంచీ రాత్రిళ్లు నిద్ర చెడగొట్టే నొప్పి, రోజురోజుకూ పెరిగే వాపు, కారణం తెలియని జ్వరం, బరువు తగ్గడం, ఎక్స్-రేలో తిత్తి అంచులు చెదిరినట్టు ఉండడం, ఎముక గోడ దాటి చుట్టూ కండరాల్లోకి ఏదో పెరిగినట్టు ఉండడం, వీటిలో ఏది ఉన్నా ఎమ్మారై తీయాలి, అవసరమైతే బయాప్సీ చేయాలి. ఆ బయాప్సీని కూడా ఎముక కణుతులకు పూర్తి వైద్యం చేసేచోటే చేయించుకోవడం మంచిది. హైదరాబాద్‌లో నిమ్స్, ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి వంటివి అందుకు ఉన్నాయి. ఎక్కడో ఒకచోట ముక్క తీయించి తరువాత పెద్దాసుపత్రికి పోదామనుకుంటే, తప్పుచోట పెట్టిన గాటు వల్ల అసలు వైద్యమే కష్టమయ్యే ప్రమాదం ఉంది. మీ బాబు విషయంలో ప్రస్తుతానికి ఆ అవసరం కనిపించడం లేదు. ఎముక అతికాక మరో ఎక్స్-రే తీయించి మీ వైద్యునికి చూపించండి. తిత్తి సంగతి ఆలోచించేది అప్పుడే.

ప్రశ్న: మా అబ్బాయికి 11 ఏళ్లు. గత సంవత్సరం ఎడమ జబ్బ ఎముక విరిగి అతికింది. బతుకమ్మ సెలవుల్లో మళ్లీ అదేచోట విరిగింది, మళ్లీ అతికింది. తిత్తి మాత్రం అలాగే ఉంది. ఒక డాక్టరు గారు స్టెరాయిడ్ సూది వేద్దామంటున్నారు. ఇంకొకరు తెరిచి గీకి, ఎముక పొడి నింపి, రాడ్లు వేస్తే ఒక్కసారితో పోతుందంటున్నారు. స్టెరాయిడ్ అంటే మాకు భయం. ఏది చేయించాలి? ఏమీ చేయించకుండా ఉండవచ్చా? నేను సింగరేణిలో పనిచేస్తాను, సెలవు దొరకడం కష్టం. – ఒక తండ్రి, గోదావరిఖని

జవాబు: ఎముక విరిగితే దానితో పాటు తిత్తి కూడా మానిపోతుందని చాలామందికి చెబుతుంటారు. అది జరుగుతుంది గానీ చాలా తక్కువమందికి, సుమారు పదిమందిలో ఒకరికి. మిగిలినవారిలో ఎముక అతికినా తిత్తి మిగిలిపోతుంది. మీ అబ్బాయిది ఆ కోవలోనిదే కాబట్టి ఇది ఎవరి వైద్యం విఫలమైనట్టూ కాదు.

రెండు సలహాలూ తప్పు కావు. వాటిని తూచే ముందు మీ అబ్బాయి ఎక్స్-రేలో మూడు విషయాలు చూడాలి. మొదటిది, తిత్తికి భుజం దగ్గర ఉండే పెరుగుదల పలకకు మధ్య దూరం. పిల్లల్లో ఎముక పొడవు పెరిగేది ఈ పలక దగ్గరే. తిత్తి దానిని ఆనుకుని ఉంటే, ఒక సెంటీమీటరు లోపే ఉంటే, అది ఇంకా చురుకుగా ఉన్న తిత్తి. అప్పుడు చికిత్స చేసినా మళ్లీ నిండే అవకాశం ఎక్కువ. ఎముక పెరిగేకొద్దీ తిత్తి పలకకు దూరంగా జరుగుతుంది, జరిగినకొద్దీ శాంతిస్తుంది. రెండవది, తిత్తి ఎముక వెడల్పులో ఎంత భాగాన్ని ఆక్రమించింది, గోడ ఎంత మిగిలింది అన్నది. రెండు దిశల్లో తీసిన ఎక్స్-రేలలోనూ వెడల్పు దాదాపు మొత్తం తిత్తే ఆక్రమించి ఉంటే మళ్లీ విరిగే ప్రమాదం పెద్దది. మూడవది అబ్బాయి వయసు. పదేళ్ల లోపు పిల్లల్లో తిత్తులు తిరిగి రావడం ఎక్కువ.

ఏమీ చేయకుండా గమనిస్తూ ఉండటం కూడా ఒక వైద్యమే. చేయి శరీర బరువు మోసే అవయవం కాదు. ఇదే తిత్తి తొడ ఎముక మెడ భాగంలో ఉండి ఉంటే నేను ఇంత నింపాదిగా మాట్లాడేవాడిని కాదు, అక్కడ విరిగితే తుంటి కీలు శాశ్వతంగా దెబ్బతినవచ్చు. జబ్బలో అయితే గోడ మందంగా ఉండి, విరగకుండా ఉన్న తిత్తిని ఆరు నెలలకొకసారి ఎక్స్-రేతో చూస్తూ పెరుగుదల ముగిసేదాకా గడిపేయవచ్చు. కానీ మీ అబ్బాయికి అదేచోట రెండుసార్లు విరిగింది. ఆటలు మానేసి, బడిలో ఒక మూల కూర్చుని, విరుగుతుందేమో అని భయపడుతూ పెరగడం ఏ పిల్లవాడికీ మంచిది కాదు. కాబట్టి మీరు చికిత్స గురించి ఆలోచించాలన్నదే నా అభిప్రాయం.

స్టెరాయిడ్ సూది గురించి మీ భయం అర్థమయింది. ఇది రోజూ మింగే స్టెరాయిడ్ మాత్రల వంటిది కాదు. ఇటలీ వైద్యుడు స్కాగ్లియెట్టి, ఆయన బృందం 1970లలో ఈ పద్ధతిని మొదలుపెట్టి 1979లో ఫలితాలను ప్రచురించారు. అంతకుముందు వరకూ తెరిచి గీకడమే ప్రధాన మార్గం. బాబుకు మత్తు ఇచ్చి, సీ-ఆర్మ్ అనే, ఎక్స్-రే చిత్రాన్ని అప్పటికప్పుడు తెర మీద చూపే యంత్రంలో చూస్తూ, చర్మం పైనుంచే సూదిని తిత్తిలోకి దించి ద్రవాన్ని తీస్తారు. ఎక్స్-రేలో కనబడే ఒక రంగు మందును ఎక్కించి తిత్తి ఒకే గదిగా ఉందా, మధ్యలో అడ్డుపొరలు ఉన్నాయా అని చూస్తారు. ఆ తరువాత మిథైల్‌ప్రెడ్నిసొలోన్ అనే మందును లోపల వదులుతారు. గాటు ఉండదు, కుట్లు ఉండవు, అదే రోజు గానీ మర్నాడు గానీ ఇంటికి పంపిస్తారు. తీసిన ద్రవం లేత పసుపుగా ఉంటే మన అనుమానం నిజమైనట్టే. ఈ మధ్యనే విరిగి ఉంటే కొంత రక్తం కలిసి ఉండవచ్చు.

దీని లోపం ఏమిటంటే ఒక్కసారితో అందరికీ మానదు. చాలామందికి రెండు మూడు నెలల ఎడంతో రెండు మూడుసార్లు వేయవలసి వస్తుంది. ప్రతిసారీ మత్తు ఇవ్వాలి, ప్రతిసారీ మీరు సెలవు పెట్టాలి. ఆ కష్టం ముందే తెలిసి మొదలుపెట్టడం మంచిది. మొదటి సూదితో మానలేదని నిరాశపడి మధ్యలో వదిలేసేవారు చాలామంది ఉన్నారు. స్టెరాయిడ్‌కు బదులు అబ్బాయి తుంటి ఎముక నుంచి తీసిన మజ్జను తిత్తిలోకి ఎక్కించే పద్ధతి కూడా ఉంది. సహజమైనదని దానిపై చాలామందికి ఆశ. ఈ రెండింటినీ పోల్చి చూసిన ఒక అధ్యయనం 2008లో వచ్చింది. ఏ పిల్లవాడికి ఏది వేయాలో లాటరీ పద్ధతిలో నిర్ణయించి, రెండేళ్ల తరువాత ఎక్స్-రేలు చూస్తే స్టెరాయిడ్ పొందినవారిలో 42 శాతం, మజ్జ పొందినవారిలో 23 శాతం మంది తిత్తులు మానాయి. స్టెరాయిడ్ గెలిచిన మాట నిజమే. కానీ గెలిచిన పద్ధతిలోనూ సగానికి పైగా పిల్లల తిత్తులు పూర్తిగా మానలేదన్న సంగతిని కూడా మీరు గుర్తుంచుకోవాలి. వంద శాతం గ్యారంటీ అని ఎవరైనా చెబితే ఆ మాట నమ్మవద్దు.

ఇక ఆపరేషన్. తిత్తి గోడకు చిన్న కిటికీ చేసి, లోపలి పొరను గీకి, ఖాళీలో ఎముక పొడినో, కాల్షియం సల్ఫేట్ వంటి కృత్రిమ పదార్థాన్నో నింపుతారు. సూదితో పోలిస్తే మానే అవకాశం మెరుగే అయినా, తిరిగి రావడం ఇందులోనూ ఉంది. తిత్తి పెరుగుదల పలకను ఆనుకుని ఉన్నప్పుడు గీకేటప్పుడు ఆ పలక దెబ్బతింటే చేయి పొట్టి అవుతుంది కాబట్టి, చురుకుగా ఉన్న తిత్తికి తొందరపడి ఈ ఆపరేషన్ చేయడం నాకు ఇష్టం ఉండదు. రాడ్ల సంగతి వేరు. ఇవి సన్నని, వంగే టైటానియం కడ్డీలు. మోచేయి వైపు నుంచి చిన్న గాట్ల ద్వారా ఎముక లోపలికి, తిత్తిని దాటేదాకా పంపుతారు. ఎముకకు లోపలి నుంచి ఊతం వస్తుంది. అంతేకాక తిత్తికి, కింద ఉన్న మజ్జ గొట్టానికి మధ్య దారి తెరుచుకుని ద్రవం ఒత్తిడి తగ్గుతుంది, అది తిత్తి మానడానికి తోడ్పడుతుంది. మళ్లీ మళ్లీ విరుగుతున్న పిల్లలకు దీనివల్ల వచ్చే పెద్ద లాభం, నెలల తరబడి పట్టీ అవసరం లేకుండా త్వరగా చేయి వాడుకోగలగడం. తరువాత రాడ్లు తీయడానికి మరో చిన్న ఆపరేషన్ కావాలి.

మీ అబ్బాయికి 11 ఏళ్లు. తిత్తి పలకకు సుమారు రెండు సెంటీమీటర్లు దూరం జరిగిందని మీరు రాశారు. రెండుసార్లు విరిగింది. ఈ పరిస్థితిలో నేనైతే రాడ్లు వేస్తూ అదే మత్తులో తిత్తిలోని ద్రవాన్ని తీసి, లోపలి పొరను చిన్న రంధ్రం ద్వారా గీకడం వైపు మొగ్గుతాను. ఇంకా విరగని, చిన్న వయసు పిల్లవాడైతే మొదట సూదినే ఎంచుకునేవాడిని. ఎక్స్-రేలు చేతిలో పెట్టుకుని మీ వైద్యుడు ఇచ్చే సలహానే అంతిమం. ఆయనను మీరు అడగవలసినవి, తిత్తి పలకకు ఎంత దూరంలో ఉంది, గోడ ఎంత మిగిలింది, తిరిగి వస్తే తరువాతి అడుగు ఏమిటి అన్నవి.

ఖర్చు గురించి కూడా రాశారు. సింగరేణి ఉద్యోగి కుటుంబంగా మీకు సంస్థ వైద్య సదుపాయం ఉంటుంది, ముందు అక్కడే అడగండి. ఈ శీర్షిక చదివే ఇతరులకు, వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో ఎముకల విభాగం ఉంది. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు. మీకు చెప్పిన చికిత్స ఆ పథకం జాబితాలో ఉందో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర చెబుతారు. ఆపరేషన్ తేదీ వేసుకోకముందే ఆ మాట తేల్చుకోండి.

ఒక చిన్న విన్నపం. పాత ఎక్స్-రేలను పారేయకండి. తిత్తి పెరుగుతోందా, మానుతోందా అన్నది ఒక్క ఫిల్ము చూసి ఎవరూ చెప్పలేరు, పాతదాని పక్కన కొత్తది పెట్టి చూడాలి. ప్రతి ఫిల్ము మీద తేదీ రాసి ఒకే కవరులో దాచండి. సెల్‌ఫోనులో తీసిన ఫొటో అంచులు సరిగా చూపదు. ఆసుపత్రి సీడీ ఇస్తే దానినీ దాచుకోండి.

ప్రశ్న: మా మనవడికి జబ్బ ఎముకలో తిత్తి ఉందన్నారు. రోజూ రాగిజావ, పాలు, గుడ్డు పెడుతున్నాం. కాల్షియం మాత్రలు కూడా వేస్తున్నాం. మా ఊరి దగ్గర ఒకాయన పసరు కట్టు కడితే గడ్డ కరుగుతుందంటున్నారు. కట్టించమంటారా? – ఒక నాయనమ్మ, పరకాల

జవాబు: అమ్మమ్మా, రాగిజావ, పాలు, గుడ్డు పిల్లవాడికి ఎంతో మంచివి, తప్పక పెట్టండి. అయితే అవి తిత్తిని మాన్పవు. ఇది కాల్షియం తక్కువై వచ్చిన జబ్బు కాదు. రక్తపరీక్షలో లోపం ఉందని తేలితే తప్ప మాత్రలు కూడా అక్కరలేదు.

కట్టు మాత్రం వద్దు. తిత్తి ఎముక లోపల ఉంటుంది, చర్మం మీద వేసే ఏ ఆకు పసరూ అక్కడికి చేరదు. కట్టేటప్పుడు లాగినా, మర్దన చేసినా పలుచబడిన ఎముక అక్కడికక్కడే విరగవచ్చు. విరిగిన చేతికి వెదురు బద్దలు పెట్టి బిగించి కడితే కండరాలకు రక్తం ఆగిపోయి, కొన్ని గంటల్లోనే చేయి శాశ్వతంగా వంకరపోయిన పిల్లలు ఉన్నారు. కట్టు ఏదైనా సరే, ఆసుపత్రిలో వేసినదైనా సరే, వేళ్లు చల్లబడినా, నీలంగా మారినా, తిమ్మిరెక్కినా, వేళ్లను సాగదీస్తే పిల్లవాడు నొప్పితో కేకలు వేసినా వెంటనే కట్టు విప్పించి ఆసుపత్రికి తీసుకుపోవాలి. తెల్లారేదాకా ఆగకూడదు.

ప్రశ్న: మా అమ్మాయికి 13 ఏళ్లు. జబ్బ పైభాగంలో కొన్ని నెలలుగా నొప్పి, వాపు. ఎమ్మారైలో ‘అన్యూరిస్మల్ బోన్ సిస్ట్’ అని రాశారు. ఇంటర్నెట్‌లో చదివితే తిత్తి వదిలేసినా పర్వాలేదని ఉంది. పదో తరగతి పూర్తయ్యేదాకా ఆగవచ్చా? – కరీంనగర్ నుంచి ఒక తండ్రి

జవాబు: ఆగవద్దు. మీరు చదివినది బహుశా పై ఉత్తరాల్లో చెప్పుకున్న సాధారణ తిత్తి గురించి అయి ఉంటుంది. మీ అమ్మాయిది వేరే రకం. దీనిలో రక్తంతో నిండిన చిన్నచిన్న గదులు చాలా ఉంటాయి. సాధారణ తిత్తి ఎముక కొలతకు లోబడి ఉంటుంది, ఇది ఎముకను ఉబ్బించి వెడల్పు చేస్తూ పెరుగుతుంది, అందుకే నొప్పి, వాపు కనిపిస్తున్నాయి. ఎమ్మారైలో ఒక్కో గదిలో రెండు రంగుల ద్రవం పొరలుపొరలుగా నిలిచి ఉండటం దీని గుర్తు. చాలా కేసుల్లో యూఎస్పీ6 అనే జన్యువులో మార్పు ఉంటుందని 2004 ప్రాంతంలో తేలింది. అంటే ఇది ఉత్త ఖాళీ కాదు, తనంతట తాను పెరిగే ఒక కణితి. క్యాన్సర్ మాత్రం కాదు.

ఆగవద్దనడానికి అంతకంటే ముఖ్యమైన కారణం ఇంకొకటి ఉంది. ఎముక క్యాన్సర్లలో అరుదైన ఒక రకం ఎక్స్-రేలోనూ ఎమ్మారైలోనూ అచ్చం ఇలాగే కనిపించవచ్చు. మీ అమ్మాయికి అదే ఉందని నేను అనడం లేదు, ఆ అవకాశం తక్కువే. కానీ ఆ తేడాను తేల్చేది బయాప్సీ ఒక్కటే, అందువల్ల ఈ రకం తిత్తిలో బయాప్సీ లేకుండా వైద్యం మొదలుపెట్టకూడదు. ఆ ఫలితం వచ్చాక రెండు మార్గాలు ఉన్నాయి. తెరిచి, పొరను పూర్తిగా గీకి, గోడలను ప్రత్యేకమైన మరతో శుభ్రం చేసి ఎముక నింపడం ఒకటి. పాలిడోకనాల్ అనే మందును సూదితో తిత్తిలోకి కొన్నిసార్లు ఎక్కించి, రక్తపు గదులను గడ్డకట్టించి మాన్పడం రెండవది. ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు ఈ రెండవ పద్ధతితో 72 మందికి చేసిన వైద్యం వివరాలను 2006లో ప్రచురించారు. ఇప్పుడు చాలాచోట్ల దీనిని వాడుతున్నారు. పరీక్షల సంవత్సరమని మీ ఆందోళన నాకు తెలుసు, కానీ సూదుల పద్ధతి అయితే చదువు పెద్దగా ఆగదు. ఈ వారంలోనే ఎముక కణుతుల నిపుణునికి చూపించండి.

ప్రశ్న: మా అబ్బాయికి చిన్నప్పుడు జబ్బలో తిత్తి ఉండేది, సూదులతో మానింది. ఇప్పుడు 14 ఏళ్లు. ఎడమ చేయి కుడిదానికంటే సుమారు రెండు సెంటీమీటర్లు పొట్టిగా ఉంది. సూదుల వల్లనే ఇలా అయిందా? – హనుమకొండ నుంచి ఒక తల్లి

జవాబు: సూదుల వల్ల అని చెప్పలేము. జబ్బ ఎముక పొడవులో దాదాపు 80 శాతం భుజం వైపు ఉన్న పెరుగుదల పలక నుంచే వస్తుంది. ఆ పలకను ఆనుకుని ఉన్న తిత్తి దానిలోకి చొచ్చుకుపోయినా, అక్కడ ఎముక విరిగినా, పలక కొంత దెబ్బతిని పెరుగుదల మందగిస్తుంది. చికిత్స ఏమీ జరగని పిల్లల్లోనూ ఇది కనిపిస్తుంది.

కాళ్ల పొడవులో రెండు సెంటీమీటర్ల తేడా ఉంటే నడకలో తెలుస్తుంది. చేతుల విషయంలో ఆ ఇబ్బంది లేదు. రాయడం, బరువులు ఎత్తడం, బండి నడపడం, దేనికీ అడ్డు రాదు. చొక్కా చేతులు కొలిచే దర్జీకి తప్ప మరొకరికి తెలియదు. మగపిల్లల్లో ఈ పలక సాధారణంగా 16 నుంచి 18 ఏళ్ల మధ్య మూసుకుంటుంది కాబట్టి అప్పటిదాకా తేడా మరికొంత పెరగవచ్చు. ఏడాదికి ఒకసారి రెండు చేతుల ఎక్స్-రేలు తీయించి కొలిపించండి. తేడా చాలా పెద్దదై, అబ్బాయికి అది బాధ కలిగిస్తే ఎముకను పొడిగించే ఆపరేషన్లు ఉన్నాయి. అది ఎంతో ఓపిక కావలసిన వైద్యం కాబట్టి, చేయించుకోవాలా వద్దా అన్న నిర్ణయాన్ని అబ్బాయికే వదలడం మంచిది. తోటివారు ఏమైనా అన్నారని తెలిస్తే మాత్రం చులకనగా తీసుకోకండి. ఆ వయసులో ఆ మాట మనం అనుకున్న దానికంటే లోతుగా తగులుతుంది.

ప్రశ్న: నాకు 22 ఏళ్లు. పోలీసు కానిస్టేబుల్ ఉద్యోగానికి సిద్ధమవుతున్నాను. దగ్గు వస్తే ఛాతీ ఎక్స్-రే తీశారు. అందులో కుడి జబ్బ పైభాగంలో తిత్తి ఉన్నట్టు కనబడింది. నొప్పి ఎప్పుడూ లేదు. గ్రౌండ్‌లో షాట్‌పుట్ ఉంటుంది. ప్రాక్టీసు కొనసాగించవచ్చా? – జనగామ నుంచి ఒక యువకుడు

జవాబు: మీ వయసుకు ఎముక పెరుగుదల పూర్తయింది. చిన్నప్పుడు ఏర్పడిన సాధారణ తిత్తులు చాలావరకు ఈ వయసుకు శాంతించి, నెమ్మదిగా ఎముకతో నిండుతూ ఉంటాయి. అయితే ఛాతీ ఎక్స్-రేలో భుజం ఒక మూలకు మాత్రమే పడుతుంది, దానిని చూసి ఏదీ తేల్చకూడదు. కుడి జబ్బకు రెండు దిశల్లో వేరుగా ఎక్స్-రే తీయించండి. పెద్దవారిలో ఇదేచోట మృదులాస్థి కణుతులు, ఫైబ్రస్ డిస్‌ప్లేసియా (ఎముక స్థానంలో నార లాంటి కణజాలం పెరగడం) వంటివి కూడా రావచ్చు, మెడలో ఉండి రక్తంలో కాల్షియాన్ని అదుపు చేసే పారాథైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేసినా ఎముకల్లో ఇటువంటి ఖాళీలు ఏర్పడతాయి. అందువల్ల రక్తంలో కాల్షియం, ఫాస్ఫరస్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ పరీక్షలు చేయించుకోండి. అవి ఖరీదైన పరీక్షలు కావు.

షాట్‌పుట్ గురించి మీరు అడిగినది మంచి ప్రశ్న. పురుషులకు ఇచ్చే గుండు బరువు 7.26 కిలోలు. దానిని విసిరే క్షణంలో జబ్బ ఎముక మీద మెలితిప్పే బలం పడుతుంది. పలుచని గోడ తట్టుకోలేనిది సరిగ్గా ఆ రకం బలాన్నే. కాబట్టి ఎక్స్-రేలు నిపుణుడు చూసేదాకా గుండు విసరడం, దండీలు, బరువులు ఆపండి. 1600 మీటర్ల పరుగు ప్రాక్టీసును మాత్రం కొనసాగించండి, దానికి ఇబ్బంది లేదు. లాంగ్‌జంప్‌లో చేతి మీద పడే అవకాశం ఉంది కనుక అది కూడా కొద్దిరోజులు ఆపితే మంచిది.

గోడ మందంగా ఉండి తిత్తి చిన్నదైతే అన్నీ మళ్లీ మొదలుపెట్టవచ్చు. గోడ మందం మీద అనుమానం ఉంటే సీటీ స్కాన్ తేల్చేస్తుంది. గోడ పలుచగా ఉందని తేలితే నోటిఫికేషన్ వచ్చేదాకా ఎదురుచూడకుండా ఇప్పుడే చికిత్స చేయించుకోండి. గీకి ఎముక నింపిన తరువాత అది గట్టిపడి బరువు విసరడానికి తగినట్టు తయారయ్యేందుకు కొన్ని నెలలు పడుతుంది. వైద్యుని దగ్గరకు వెళ్లేటప్పుడు మీరు ఏ చేత్తో విసురుతారో, ఏ బరువు విసురుతారో స్పష్టంగా చెప్పండి. మామూలు పనులకు సరిపోయే ఎముక గుండు విసరడానికి సరిపోకపోవచ్చు.